సంక్షోభంలో అధికారం ఎవరి చేతికి పోతుంది? వరంగల్ చూసిన రెండు కాలాలు

1947 అక్టోబర్ 27న తెల్లవారకముందే హైదరాబాద్‌లో వేలాది మంది మూడు బంగళాలను చుట్టుముట్టారు. ఒకటి నిజాం ప్రధానమంత్రి ఛత్తారీ నవాబుది. రెండోది నిజాం న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్‌ది. మూడోది సర్ సుల్తాన్ అహ్మద్‌ది. ఆ ముగ్గురూ ఆ ఉదయం ఢిల్లీకి బయలుదేరాల్సి ఉంది. ఉన్న సంబంధాలను తాత్కాలికంగా అలాగే కొనసాగించేందుకు భారత ప్రభుత్వంతో చేసుకునే యథాతథ ఒప్పందం ముసాయిదా అప్పటికే ఖరారైంది. నిజాం కార్యనిర్వాహక మండలి దాన్ని మెజారిటీతో ఆమోదించింది. నిజాం కూడా సరేనన్నాడు. ఇక సంతకాలే తరువాయి. గుంపు మాత్రం ఆ ముగ్గురినీ గడప దాటనివ్వలేదు. గుంపును చెదరగొట్టడానికి పోలీసులు పూనుకోలేదు.

ఆ గుంపును నడిపించిన కాసిం రజ్వీ అప్పటికి ఏ సర్కారీ పదవిలోనూ లేడు, ఆ తర్వాత కూడా మంత్రి కాలేదు. లాతూరులో వకీలు. 1946లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు. అతని బలమల్లా రజాకార్ల దళం. అక్టోబర్ 27 తర్వాత నిజాం మాట మార్చాడు, ఛత్తారీ రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఇత్తెహాద్‌కు ఇష్టమైనవాళ్ళతో కొత్త ప్రతినిధి వర్గం తయారైంది, పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ కొత్త ప్రధాని అయ్యాడు. నవంబర్ 29న ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి. అక్టోబర్‌లో అడ్డుకున్న ముసాయిదాను, నవంబర్‌లో సంతకమైన ఒప్పందాన్ని పక్కపక్కన పెట్టి చదివితే చెప్పుకోదగ్గ తేడా కనపడదు. అంటే ఆ నెల రోజుల్లో మారింది ఒప్పందం కాదు, ప్రభుత్వం. దానికి ఫర్మానా వెలువడలేదు, తుపాకీ పేలలేదు. ఎవరి మాట చెల్లుతుందో మాత్రం ఊరందరికీ తెలిసిపోయింది.

దేశం అల్లకల్లోలమైతే నియంత పుడతాడని ఒక నమ్మకం ఉంది. ఆకలి, నిరుద్యోగం, అల్లర్లు ముదిరితే జనం గట్టి మనిషిని కోరుకుంటారని, అతను వచ్చేస్తాడని చెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం అమెరికాను, బ్రిటన్‌ను, స్వీడన్‌ను కూడా చావుదెబ్బ కొట్టింది. నియంత వచ్చింది జర్మనీలో. సంక్షోభాలు చాలా దేశాలకు వస్తాయి, చాలావరకు నియంత లేకుండానే గట్టెక్కుతాయి. గట్టెక్కని చోట దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకటే కనిపిస్తుంది. నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ళు ఆ బరువు మోయలేక పక్కకు జరుగుతారు. శాసనసభ తన పని వదిలేస్తుంది, మంత్రివర్గం నిద్ర లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది, కోర్టు ‘ఇది మా పరిధి కాదు’ అంటుంది. అలా ఖాళీ అయిన చోటే నియంతకు దొరుకుతుంది. సంక్షోభం చేసేదల్లా ఆ ఖాళీని ఎవరూ ప్రశ్నించలేనంత తొందరను పుట్టించడం.

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఒక తరం గడవకముందే ఇది రెండు తీర్లుగా జరగడం చూశాయి. మొదటిసారి, 1947-48లో, ప్రభుత్వం ఒక ప్రైవేటు సైన్యానికి లొంగింది. రెండోసారి, 1975 ఎమర్జెన్సీలో, ప్రభుత్వమే తన మీదున్న అడ్డుకట్టలను ఒక్కొక్కటిగా తీసేసుకుంది.

నిజాం లెక్క, పాపెన్ లెక్క

1947లో హైదరాబాద్ సంస్థానంలో ఖాళీ ఎలా ఏర్పడిందో చూడాలి. ఆగస్టు 15తో బ్రిటిష్ సార్వభౌమాధికారం ముగిసింది. అంతకుముందు నిజాం హద్దు దాటితే అడిగేందుకు బ్రిటిష్ ప్రతినిధి, రెసిడెంట్, ఉండేవాడు. ఇప్పుడు ఆ పైచేయి పోయింది, దాని స్థానంలో ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం రాలేదు. నిజంగా అధికారమున్న, ఓటుతో ఎన్నికైన సభ సంస్థానంలో ఎన్నడూ లేదు. స్టేట్ కాంగ్రెస్ పుట్టీపుట్టకముందే 1938లో నిషేధానికి గురై, 1946 దాకా ఆ నిషేధంలోనే ఉంది. జనం తరఫున ‘మాకు ఇది కావాలి’ అని చెప్పే హక్కున్న సంస్థ ఒక్కటి కూడా లేని రాజ్యం అది. అలాంటి రాజ్యం కోటీ 60 లక్షల మంది భవిష్యత్తును తేల్చాల్సి వచ్చింది.

స్వతంత్రంగా ఉంటానని జూన్‌లోనే చెప్పిన నిజాం చేతిలో బేరానికి పెద్ద బలం లేదు. చుట్టూ భారతదేశం, సముద్రపు దారి లేదు, జనాభాలో అత్యధికులు తన వైపు లేరు. ఢిల్లీని బెదిరించడానికి రజ్వీ పనికొస్తాడని లెక్క వేశాడు. ‘నేను ఒప్పుకున్నా వీళ్ళు ఒప్పుకోరు’ అని చూపించడానికి ఒక గుంపు కావలసి వచ్చింది. అక్టోబర్ 27 తర్వాత ఆ మాట నిజమైపోయింది. తాను పెంచిన బలం తన మాట వినదని అప్పుడు తెలిసింది. పులి మీద ఎక్కడం వరకే నిజాం చేతిలో ఉంది.

జర్మనీలో అదే లెక్క మాజీ ఛాన్సలర్ ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ వేశాడు. 1930 మార్చిలో నిరుద్యోగ భృతికి డబ్బు ఎవరు కట్టాలన్న తగాదాతో అక్కడి సంకీర్ణ ప్రభుత్వం కూలింది. చూడ్డానికి చిన్న తగాదా. కానీ ఆ తర్వాత మెజారిటీని కూడగట్టే కష్టం ఎవరూ పడలేదు. వైమార్ రాజ్యాంగం 48వ అధికరణం ప్రకారం అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో అత్యవసర ఉత్తర్వులు జారీ చేసే అలవాటు మొదలైంది. 1932 వచ్చేసరికి పార్లమెంటు చేసిన చట్టాలు ఐదే, అత్యవసర ఉత్తర్వులు 60కి పైగా. హిట్లర్ రాకముందే జర్మనీ పార్లమెంటు ఖాళీ కుర్చీ అయింది. ఇంకొకటి కూడా గమనించాలి: 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీలకు జూలైతో పోలిస్తే 20 లక్షల ఓట్లు తగ్గాయి. బలం దిగజారుతున్న సమయంలోనే, 1933 జనవరి 30న, పాపెన్ మధ్యవర్తిత్వంతో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. మంత్రివర్గంలో నాజీలు హిట్లర్‌తో కలిపి ముగ్గురే కాబట్టి పగ్గాలు తమ చేతిలోనే ఉంటాయని పాపెన్ వర్గం ధీమా. ఫిబ్రవరి 27 రాత్రి రైక్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడే పౌరహక్కులను రద్దు చేసే ఉత్తర్వు వచ్చింది. మార్చి 23న, బయట నాజీ దళాలు కాపు కాస్తుండగా, కమ్యూనిస్టు సభ్యులను సభలోకే రానివ్వకుండా, పార్లమెంటు తన శాసనాధికారాన్ని ప్రభుత్వానికి రాసిచ్చింది. అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94. ఆ 94 ఓట్లూ సోషల్ డెమోక్రాట్లవి.

అగ్నిప్రమాదం నుంచి అధికారం రాసివ్వడం దాకా పట్టింది నెల రోజుల లోపే. అయితే ఆ నెల రోజులనే చూస్తే మోసపోతాం. అంతకుముందు మూడేళ్ళపాటు పెద్ద మనుషులు, రాజ్యాంగం తెలిసినవాళ్ళు, పార్లమెంటు లేకుండానే పాలించడం జర్మనులకు అలవాటు చేశారు. హిట్లర్ ఆ అలవాటును చివరిదాకా తీసుకెళ్ళాడు.

గడీలు ఎటు నిలబడ్డాయి

నియంత పట్నంలో పుట్టినా పల్లెలో నిలదొక్కుకోవాలంటే అక్కడ భాగస్వాములు కావాలి. తెలంగాణలో ఆ భాగస్వాములు మతాన్ని బట్టి తేలలేదు. ఈ విషయం ఇవాళ చాలామంది మరచిపోతున్నారు కాబట్టి కాస్త ఆగి చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో రైతుల మీద ధాన్యం లెవీ పడింది. చిన్న రైతు గింజలు పోగొట్టుకుంటే దొర గాదెలు నిండుగానే ఉండేవి. వెట్టి, అక్రమ వసూళ్ళు, భూముల ఆక్రమణ మీద ఆంధ్ర మహాసభ సంగాలు తిరగబడ్డాయి. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి సంగాల కట్టెలు, గుత్పలు ఊరూరా లేచాయి. గడీల్లోని దొరలకు ఇది ప్రాణసంకటమైంది. రజాకార్లు వచ్చినప్పుడు చాలామంది దొరలు, పోలీసు పటేళ్ళు వాళ్ళకు తిండి పెట్టారు, సంగపోళ్ళ ఇళ్ళు చూపించారు. పేరుకు ఒకరిది ఇస్లాం రాజ్య నినాదం, మరొకరిది రెడ్డి, వెలమ దొరతనం. రెండు భయాలు ఒకచోట కలిశాయి. లాయక్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి వరంగల్ పక్కనే ఉన్న వడ్డేపల్లి దేశ్‌ముఖ్ కుటుంబానికి చెందినవాడు. మరోవైపు రజాకార్లను తన ఉర్దూ పత్రికలో నిలదీసి 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతంలో పుట్టిన ముస్లిం.

వరంగల్ జిల్లాకు ఈ పాలన రుచి ముందే తెలుసు. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసినప్పుడు జరిగిన దాడిలో బత్తిని మొగిలయ్యను చంపారు. అప్పటికి అది ఒక గుంపు చేసిన హత్య. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన జనం మీద కాల్పులు జరిగి 22 మంది చనిపోయారు. అక్కడ రజాకార్లతోపాటు పోలీసులూ ఉన్నారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీదికి తెల్లవారుజామున వచ్చినప్పుడు నిజాం సైన్యం కూడా కలిసే వచ్చింది. ఆ ఊరివాళ్ళు బురుజు మీద కాపలా పెట్టుకున్నారు. రజాకార్లు కనపడగానే నగారా మోగించి, అందరూ కూడి, అంతకుముందు దాడులను తిప్పికొట్టారు. ఈసారి ఫిరంగి గుళ్ళ ముందు ఆ బురుజు నిలవలేదు. పట్టుబడిన మగవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. కోట, పరకాల, బైరాన్‌పల్లి. మూడింటినీ వరుసగా పెడితే ప్రైవేటు గుంపుకు, సర్కారు తుపాకీకి మధ్య గీత రెండేళ్ళలో ఎలా చెరిగిపోయిందో కనపడుతుంది. నియంతృత్వం వేళ్ళూనుకుందని చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన గుర్తు లేదు: దెబ్బ కొట్టినవాడి మీద ఫిర్యాదు చేయాలంటే వెళ్ళాల్సింది అతని పక్కన నిలబడ్డవాడి దగ్గరికే.

మంత్రివర్గం లోపలి నుంచి కూడా ఒక గొంతు లేచింది. మంత్రి జె.వి. జోషి రజాకార్ల దౌర్జన్యాలను చూసి రాజీనామా చేశాడు. భారత్‌తో కలవడమే మేలని కొందరు ముస్లిం ప్రముఖులు బాహాటంగా ప్రకటించారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. అక్టోబర్ 27న పోలీసు కమిషనర్ నుంచి నిజాం దాకా ఎవరో ఒకరు ఆ మూడు బంగళాల ముందు నిలబడి ఉంటే తక్కువ నష్టంతో పోయేది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత మూల్యం చెల్లించినవాళ్ళలో రజ్వీ గుంపులో లేని సామాన్య ముస్లింలు వేలల్లో ఉన్నారు. ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఆ మృతుల సంఖ్యను తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. రజ్వీ శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు.

అలసిపోయిన రాష్ట్రం

రెండో కాలానికి వస్తే, ఎమర్జెన్సీని ఢిల్లీ కథగానే చెప్పుకోవడం అలవాటైంది. తెలంగాణలో దానికి ముందు మాట ఉంది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, కాల్పుల్లో చాలామంది పోయారు, బడులు కాలేజీలు నెలల తరబడి నడవలేదు. 1972 అక్టోబర్‌లో, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. రెండు ప్రాంతాల మధ్య రాజీగా వచ్చిన ఆరు సూత్రాల పథకం తర్వాత డిసెంబర్ 10న జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యాడు. శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమాన్ని అణచినప్పుడు హోం మంత్రిగా పనిచేసినవాడు. ఐదేళ్ళలో రెండు మహా ఉద్యమాలు చూసి అలసిపోయిన రాష్ట్రానికి ‘శాంతిభద్రతలు’ అన్నదే మొదటి మాట అయింది. ఆ అలసట గురించి రాజకీయ విశ్లేషణల్లో తక్కువగా రాస్తారు. నియంతృత్వానికి భయం ఎంత పనికొస్తుందో, విసుగు అంతే పనికొస్తుంది.

1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. కాజీపేట జంక్షన్ మీద బతికే కుటుంబాలకు సమ్మె అంటే ఏమిటో, దాన్ని అణచడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ధరలు మండుతున్నాయి, గుజరాత్, బీహార్‌లలో ఉద్యమాలు. 1975 జూన్ 12న ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా తీర్పు ఇచ్చాడు. ఇక్కడ సంక్షోభం ఎవరిది అన్నది ముఖ్యమైన ప్రశ్న. దేశానికి వచ్చిన ఆర్థిక కష్టం ఏడాదికి పైగా ఉన్నదే. జూన్ 12న కొత్తగా వచ్చింది ఒక వ్యక్తి పదవికి ముప్పు. ఆ ముప్పుకు దేశపు కష్టాన్ని తొడిగి ‘అంతర్గత కల్లోలం’ అని పేరు పెట్టారు. 1971 డిసెంబర్‌లో యుద్ధం కోసం పెట్టిన ఎమర్జెన్సీ అప్పటికింకా ఎత్తేయనే లేదు. దాని మీద ఇంకొకటి.

జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టాడు. మంత్రివర్గానికి తెలియదు. రాత్రిపూట మంత్రివర్గాన్ని సమావేశపరచడం కుదరదు కాబట్టి ప్రభుత్వ కార్యకలాపాల నియమాల్లోని 12వ నియమం కింద ఆ అవసరాన్ని సడలిస్తున్నానని ప్రధాని రాష్ట్రపతికి లేఖ రాసింది. ఆ నియమం ఉన్నది అత్యవసరంగా చిన్నా పెద్దా ఫైళ్ళు కదలడానికి. దాని మీద ఒక దేశపు పౌరహక్కులన్నీ కదిలిపోయాయి. ఢిల్లీలో పత్రికాఫీసులకు కరెంటు తీశారు. ఉదయం ఆరు గంటలకు మంత్రులను పిలిచి చెప్పారు. ఒక్కరు కూడా ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అని గట్టిగా నిలదీయలేదు. 1947 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు చేసిన పనే ఆ ఉదయం కేంద్ర మంత్రివర్గం చేసింది.

ఇదంతా రాజ్యాంగంలోని 352వ అధికరణం ప్రకారమే జరిగింది. నిర్బంధాలకు 1971లో వచ్చిన అంతర్గత భద్రతా చట్టం, మీసా, సిద్ధంగా ఉంది. దేశమంతటా లక్షకు పైగా మందిని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారని తర్వాత ఎమర్జెన్సీ అక్రమాలను విచారించిన షా కమిషన్ లెక్క తేల్చింది. నిజాం కాలంలో స్వాతంత్ర్యవీరులను, కమ్యూనిస్టులను బంధించిన వరంగల్ జైలు మళ్ళీ రాజకీయ ఖైదీలతో నిండింది. జనసంఘం, ఆరెస్సెస్ కార్యకర్తలు, సోషలిస్టులు, నక్సలైట్లు, విప్లవ రచయితలు. బయట ఒకరినొకరు సహించనివాళ్ళు లోపల ఒకే కప్పు కింద పడుకున్నారు. 2021లో ఆ జైలును ఖాళీ చేయించి, ఆసుపత్రి కోసం కూల్చేశారు.

ఉత్తర తెలంగాణకు ఎమర్జెన్సీ జైలుతో ఆగలేదు. ప్రకటన వచ్చి నెల తిరిగేసరికే, 1975 జూలై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ‘ఎన్‌కౌంటర్’లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు: సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, వనపర్తి సుధాకర్, కొలిశెట్టి ఆనందరావు. జనార్దన్ వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. పత్రికలకు సెన్సార్ ఉంది కాబట్టి పోలీసుల మాట తప్ప వేరే మాట అచ్చు కాలేదు. డిసెంబర్ 1న ఆదిలాబాద్ జిల్లా రైతాంగ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. అంతకుముందు, మే నెలలో, దేశమంతటా మేధావులు, న్యాయవాదులు గొంతెత్తడంతో ఆ ఉరి ఆగింది. అదే ప్రభుత్వం, అదే కేసు, అదే క్షమాభిక్ష అర్జీ. మే నెలకు, డిసెంబర్‌కు మధ్య వచ్చిన తేడా ఒక్కటే: గొంతెత్తే వీలు పోయింది. పౌరహక్కులు చదువుకున్నవాళ్ళ సరదా అనుకునేవాళ్ళు ఈ రెండు తేదీలను ఒకసారి చూడాలి.

సుప్రీంకోర్టు సంగతి మరీ బాధాకరం. నిర్బంధాలను ప్రశ్నించే హక్కు ఎమర్జెన్సీలో ఉంటుందా అన్న జబల్‌పూర్ కేసులో న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను సూటిగా అడిగాడు: ఒక పోలీసు అధికారి చట్టవిరుద్ధంగా ఒకరి ప్రాణం తీస్తే? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టులో దానికి దారి లేదన్నది అటార్నీ జనరల్ జవాబు. ఢిల్లీలో అది వాదన కోసం వేసిన ప్రశ్న. గిరాయిపల్లి తర్వాత తెలంగాణలో కొడుకులను పోగొట్టుకున్న ఇళ్ళలో అది జరిగిపోయిన సంగతి. 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు తీర్పిచ్చారు. ఖన్నా ఒక్కడే కాదన్నాడు, దాని ఫలితంగా ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నాడు.

42లో 41

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. హన్మకొండ నుంచి పి.వి. గెలిచాడు. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కడే జనతా అభ్యర్థిగా నెగ్గాడు. గిరాయిపల్లి జరిగిన రాష్ట్రం ఇలా ఓటేయడాన్ని జనం అజ్ఞానం కింద జమకట్టినవాళ్ళు ఉన్నారు. అది అన్యాయం.

ఎమర్జెన్సీతో పాటే 20 సూత్రాల కార్యక్రమం వచ్చింది. 1975 అక్టోబర్‌లో వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్స్ వచ్చింది, మరుసటి ఏడు చట్టమైంది. ఇళ్ళ జాగాలు, భూ పరిమితి అన్న మాటలు పల్లెల దాకా చేరాయి. అమలు ఎంత జరిగిందన్నది వేరే చర్చ, కానీ సర్కారు తమ పేరెత్తడమే పేదలకు కొత్త. ఉత్తరాదిలో జనాన్ని రెచ్చగొట్టిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇక్కడ అంత ఉధృతంగా లేవు. అన్నిటికీ మించి ఇంకొకటి ఉంది. తరతరాలుగా దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషికి, మాట్లాడే స్వేచ్ఛ 1975 జూన్‌లో పోయిందంటే ఏమని అర్థమవుతుంది? అతనికది అంతకుముందు ఉంటే కదా పోవడానికి. ప్రజాస్వామ్యం ఊరిలోపలికి రాని చోట, అది ఢిల్లీలో పోయిన చప్పుడు ఊరికి వినపడదు. నియంతృత్వానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు. రాజ్యాంగ సభలో అంబేద్కర్ 1949 నవంబర్ 25న చేసిన హెచ్చరిక సరిగ్గా ఈ రెండింటి గురించే: రాజకీయాల్లో వీరభక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని, సాంఘిక సమానత్వం లేకుండా రాజకీయ సమానత్వం ఎంతోకాలం నిలవదని.

ఎన్నికల తర్వాత జయప్రకాశ్ నారాయణ్ చొరవతో మాజీ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడి ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లను విచారించింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ దానికి కార్యదర్శి. వరంగల్ కవి కాళోజీ నారాయణరావు సభ్యుడు. నిజాం పాలనలో జైలుకెళ్ళిన మనిషి, స్వతంత్ర భారతంలో పోలీసులు చేసిన హత్యల సాక్ష్యాలు వినడానికి ఊరూరా తిరిగాడు. గిరాయిపల్లిలో జరిగింది ఎదురుకాల్పులు కాదని, పట్టుకుని చంపారని కమిటీ తేల్చింది. ఒత్తిడి మీద ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. సాక్ష్యాలు బహిరంగంగా వస్తుంటే, విచారణ గదిలోపల మాత్రమే జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ కమిషన్ పని అర్ధాంతరంగా ఆగిపోయింది.

జనతా ప్రభుత్వం రాజ్యాంగ 44వ సవరణతో కొన్ని తలుపులు మూసింది. ‘అంతర్గత కల్లోలం’ పోయి ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చింది. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి ప్రకటించాలి. నెలలోగా పార్లమెంటు ఉభయసభలూ మూడింట రెండు వంతుల మద్దతుతో ఆమోదించాలి. జీవించే హక్కును ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి వీల్లేదు. ఇవన్నీ గట్టి రక్షణలే. ఖన్నా ఒంటరిగా చెప్పింది రాజ్యాంగంలోకి ఎక్కింది. అదే సవరణలోని 3వ సెక్షన్, విచారణ లేని నిర్బంధాలకు మరికొంత కళ్ళెం వేసేది, ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తేనే అమల్లోకి వస్తుంది. ఆ తేదీని తర్వాత వచ్చిన ఏ పార్టీ ప్రభుత్వమూ ప్రకటించలేదు.

ఆ సవరణ పార్లమెంటులో చర్చకు నడుస్తున్న 1978లోనే, సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు వేల సంఖ్యలో ఊరేగింపు తీశారు. వెట్టి ఆగాలి, కూలి పెరగాలి, దొరలు ఆక్రమించిన భూములు వదలాలి. మాట వినని దొరలను ఊళ్ళు సాంఘికంగా బహిష్కరించాయి. చాకలి, మంగలి గడీ గడప తొక్కలేదు, జీతగాళ్ళు పనిలోకి పోలేదు. మూడేళ్ళ కిందట ఢిల్లీ రద్దు చేసిన వెట్టినే వాళ్ళు ఊళ్ళో రద్దు చేయాలన్నారు. చాలామంది దొరలు ఊరు విడిచి పట్నాలకు చేరి, అక్కడి నుంచి సర్కారుకు మొర పెట్టుకున్నారు. అక్టోబర్‌లో చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1948 నాటి మద్రాసు చట్టం అది, ఆంధ్రప్రదేశ్‌కు వారసత్వంగా వచ్చింది. దాని కింద ఐదుగురు లేదా అంతకు మించి గుమిగూడరాదని ఉత్తర్వు ఉన్నచోట, హెచ్చరించాక కాల్పులు జరిపే అధికారం సబ్-ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారికి ఉంటుంది. ఊళ్ళలో పోలీసు క్యాంపులు వెలిశాయి. ఈ ప్రకటనకు రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు, కేంద్ర మంత్రివర్గం రాతపూర్వక సలహా అక్కర్లేదు, పార్లమెంటులో మూడింట రెండు వంతుల ఓట్లు అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వ గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ చాలు.